విమానంలోంచి దూకాలని ఉందా? స్కైడైవింగ్‌పై తరచుగా అడిగే ప్రశ్నలు

ఏ పెళ్లికి వెళ్లినా ఇదే తంతు. బంతిలో పక్కన కూర్చున్న పిన్నిగారు పప్పు కలుపుకుంటూ "ఏమ్మా, విమానంలోంచి దూకుతావటగా?" అని మొదలుపెడతారు. పెరుగు వడ్డించే వేళకి ఆ వరసలో పదిమందీ తలా ఒక ప్రశ్న వేసేసి ఉంటారు. తమ్ముళ్లు, ఆఫీసువాళ్లు వాట్సాప్‌లో అడిగేవీ అవే. అందుకని జవాబులన్నీ ఒకచోట రాసిపెట్టాను. నేను నేర్చుకున్నది కాలిఫోర్నియాలో కాబట్టి ఇక్కడ చెప్పే నిబంధనలు అమెరికా స్కైడైవింగ్ సంఘం యూఎస్‌పీఏవి. దేశాన్ని బట్టి కొంచెం అటూ ఇటూ అవుతాయి.

## ఇంకా మనసు ఊగుతున్నప్పుడు

పారాసెయిలింగ్, పారాగ్లైడింగ్, స్కైడైవింగ్ అన్నీ ఒకటే కదా?

కాదు. బీచ్‌లో పడవకు తాడు కట్టి లాగితే గాల్లోకి లేచేది పారాసెయిలింగ్. హిమాచల్‌లోని బీర్ బిల్లింగ్ లాంటి చోట్ల రెక్కను ముందే పరుచుకుని కొండవాలు మీంచి పరుగెత్తి తేలేది పారాగ్లైడింగ్. స్కైడైవింగ్‌లో విమానం ఎక్కి, తలుపులోంచి బయటికి వచ్చి, కాసేపు పారాచూట్ తెరవకుండానే పడతాం. ఆ పడే భాగాన్ని ఫ్రీఫాల్ అంటాం. తర్వాతే పారాచూట్. కొండ అంచుల మీంచీ టవర్ల మీంచీ దూకే బేస్ జంపింగ్ వేరే సంగతి. దాని జోలికి నేను పోలేదు, పోను.

నిజం చెప్పక్కా, పోయే అవకాశం ఎంత?

ఉంది. లేదని చెప్పేవాళ్ల దగ్గర దూకకండి. అమెరికాలో 2023లో సుమారు 36.5 లక్షల జంప్‌లు జరిగాయి, 10 మంది చనిపోయారు. 1970లలో ఏడాదికి సగటున 40 మందికి పైగా పోయేవారు. గుండ్రటి పాత పారాచూట్‌ల స్థానంలో రెక్కలా ఎగిరే నలుచదరపువి రావడం, మనిషి స్పృహ తప్పినా రిజర్వ్ అనే రెండో పారాచూట్‌ను తెరిచే పరికరం రావడం, శిక్షణ గట్టిపడటం, అన్నీ కలిసి ఆ లెక్కను దించాయి.

చెబితే ఎవరూ నమ్మని విషయం ఒకటుంది. ప్రాణం పోయే ప్రమాదాల్లో చాలావాటిలో పారాచూట్ చక్కగా తెరుచుకునే ఉంటుంది. నేలకు దగ్గరగా వచ్చాక గట్టిగా మలుపు తిప్పితే రెక్క ఒక పక్కకు వాలి కిందికి దూసుకుపోతుంది, సర్దుకోవడానికి ఎత్తు మిగలదు. చూసేవాళ్లు తలుపు దగ్గర దూకే క్షణానికి భయపడతారు. మేము భయపడేది చివరి వెయ్యి అడుగులకు.

పారాచూట్ తెరుచుకోకపోతే?

వీపు మీది సంచీలో రెండు పారాచూట్‌లు ఉంటాయి, ఆ మొత్తాన్ని రిగ్ అంటాం. ఒకటి మెయిన్, రెండోది రిజర్వ్. మెయిన్‌ని మనమే మడుచుకుంటాం. రిజర్వ్‌ని మాత్రం లైసెన్సున్న రిగ్గర్ మడిచి సీలు వేయాలి. అమెరికాలో ప్రతి 180 రోజులకూ దాన్ని విప్పి, పరీక్షించి, మళ్లీ మడవాల్సిందే, వాడినా వాడకపోయినా.

మెయిన్ సరిగ్గా తెరుచుకోకపోతే దాన్ని ముందు వదిలించుకోవాలి. రెండూ చిక్కుపడితే అసలుకే మోసం. కుడివైపు ఛాతీ దగ్గర ఉండే మెత్తటి హ్యాండిల్ లాగితే భుజాల దగ్గరి మూడు రింగుల కొక్కెం విడిపోయి మెయిన్ ఎగిరిపోతుంది. మనిషి బరువంతా మోస్తున్న పట్టును కొద్దిపాటి లాగుడుతో విడిపించే ఈ ఏర్పాటు 1970లలో బిల్ బూత్ తెచ్చింది. తర్వాత ఎడమవైపు హ్యాండిల్ లాగితే రిజర్వ్ వస్తుంది. ఇవేవీ చేసే స్థితిలో మనిషి లేకపోతే ఏఏడీ అనే చిన్న పెట్టె ఉంటుంది. ఎత్తునూ వేగాన్నీ అది కనిపెడుతూనే ఉంటుంది. 1991లో జర్మనీ నుంచి వచ్చిన సైప్రెస్ అనే ఏఏడీతో ఇది నమ్మకమైన వస్తువైంది. లైసెన్సున్నవాళ్లు వాడే రకం, సుమారు 750 అడుగుల దగ్గర ఇంకా సెకనుకు 35 మీటర్లకు మించి పడుతుంటే, రిజర్వ్‌ను మూసి ఉంచే దారాన్ని తెగ్గోస్తుంది.

నాకు ఒకసారి అవసరం పడింది. 137వ జంప్. తాళ్లు మెలిపడి, రెక్క ఒక పక్కకు వాలి, కవ్వానికి కట్టినట్టు గిరగిరా తిరుగుతున్నాను. చేతికున్న ఆల్టిమీటర్, అంటే ఎత్తు కొలిచేది, 2,900 అడుగులు చూపిస్తోంది. కాళ్లతో తన్ని మెలి విప్పబోయాను, విడలేదు. కుడి హ్యాండిల్, ఎడమ హ్యాండిల్. ఒక్క క్షణం కింద ఏమీ లేనట్టనిపించింది, వెంటనే నెత్తిన తెల్లటి రిజర్వ్. ఆ సాయంత్రమంతా బాదం తోటల్లో మెయిన్ కోసం వెతుక్కున్నాం. ప్రాణం కాపాడిన రిజర్వ్‌ను మడిచిన రిగ్గర్‌కి మందు సీసా ఇవ్వడం ఈ ఆటలో ఆనవాయితీ. నేను ఇంటి నుంచి వచ్చిన ఆత్రేయపురం పూతరేకుల డబ్బా ఇచ్చాను. ఆయన తినడం మానేసి, ఒక్కో పొరా విప్పి చూస్తూ "ఇది ఎలా మడిచారు?" అని అడిగాడు.

ఎత్తంటేనే కళ్లు తిరుగుతాయి. నావల్ల అవుతుందా?

మేడ మీద పిట్టగోడ దగ్గరికి నేనూ వెళ్లలేను. మేడ మీంచి చూస్తే గోడ కిందికి దిగుతూ కనిపిస్తుంది, కింద మనుషులు కనిపిస్తారు, కన్ను ఎత్తును కొలుస్తుంది. 13,000 అడుగుల నుంచి చూస్తే నేల గీసిన పటంలా ఉంటుంది, కంటికి కొలిచే ఆధారమేదీ దొరకదు. ఎత్తు భయం ఉన్నవాళ్లు దూకడం మామూలే.

## డబ్బు కట్టేముందు

టాండెమ్ అంటే ఏంటి? ముందు అదే చేయాలా?

ఇన్‌స్ట్రక్టర్ ముందువైపు మీ హార్నెస్‌ను, అంటే ఒంటికి వేసుకునే పట్టీలను, భుజాల దగ్గర రెండు, నడుము దగ్గర రెండు కొక్కేలతో బిగిస్తారు. పారాచూట్‌లన్నీ ఆయన వీపు మీదే. అరగంట చెప్పించుకుంటే చాలు, దూకేయొచ్చు. తప్పనిసరేం కాదు, నేరుగా శిక్షణ జంప్‌తో మొదలుపెట్టేవాళ్లూ ఉన్నారు. నా మాట అడిగితే, ముందు ఒక టాండెమ్ చేయండి. కోర్సుకు డబ్బు తగలేశాక "ఇది నాకు పడదు" అని తెలుసుకోవడం కన్నా నయం.

వయసు, బరువు, ఆరోగ్యం పట్టింపులున్నాయా?

18 నిండాలి. పైకి హద్దు లేదు. అమెరికా మాజీ అధ్యక్షుడు పెద్ద బుష్ 2014లో తన 90వ పుట్టినరోజున టాండెమ్ చేశారు. బరువు చాలాచోట్ల 90 నుంచి 100 కిలోల మధ్య ఆపేస్తారు. గుండెజబ్బు, అదుపులో లేని బీపీ, మూర్ఛ, వెన్నుపూస సమస్య, గర్భం ఉంటే వద్దు. భుజం ఎప్పుడైనా జారిందా అన్నది మనవాళ్లు చెప్పడం మర్చిపోతారు. గాలి తాకిడికి చేయి వెనక్కి పోయి గాల్లోనే మళ్లీ జారితే నరకం. అండమాన్‌లోనో గోవాలోనో స్కూబా చేసి వస్తుంటే మధ్యలో ఒక రోజు పూర్తిగా వదలండి.

ఇండియాలో ఎక్కడ చేయొచ్చు? హైదరాబాద్‌లో లేదా?

హర్యానాలోని నార్నౌల్ దగ్గర బాఛోద్ ఎయిర్‌స్ట్రిప్ మీద టాండెమ్ చేయిస్తారు. ఢిల్లీ నుంచి రోడ్డు మీద పోవచ్చు. ఇతర చోట్ల అప్పుడప్పుడూ క్యాంపులు పెడుతుంటారు. అలాంటి చోట నాలుగు ప్రశ్నలు అడగండి: విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ అనుమతి ఉందా, ఇన్‌స్ట్రక్టర్‌కు టాండెమ్ రేటింగ్ ఉందా, రిగ్‌లో ఏఏడీ ఉందా, రిజర్వ్‌ను ఆఖరిసారి ఎప్పుడు మడిచారు. మొహం చిట్లించుకునేవాళ్లయితే వెనక్కి వచ్చేయండి.

హైదరాబాద్‌లో గండిపేట దగ్గర ఉన్నది ఇండోర్ స్కైడైవింగ్. నిలువు గొట్టంలో కింది నుంచి గాలి కొడుతుంది, దాని మీద తేలతాం. విమానం ఉండదు, పారాచూట్ ఉండదు. పొలాల మీద తిప్పే పారామోటార్ కూడా స్కైడైవింగ్ కాదు.

మనవాళ్లలో చాలామంది మొదటి జంప్ బయటి దేశాల్లోనే చేస్తున్నారు. దుబాయ్‌లో పామ్ ద్వీపం మీద దూకే ఫొటో కుటుంబం గ్రూపుల్లో మీరూ చూసే ఉంటారు.

ఎంతవుతుంది?

ఇండియాలో టాండెమ్‌కు పాతిక వేలు దాటుతుంది. అమెరికాలో 200 నుంచి 300 డాలర్లు, వీడియోకు మరో వంద పైన. పూర్తిగా నేర్చుకుని మొదటి లైసెన్సు తెచ్చుకునేదాకా అమెరికాలో 3,000 నుంచి 4,000 డాలర్లు పట్టుకోండి. వాన, గాలి వల్ల ఊరికే పోయే వారాంతాల పెట్రోలు ఖర్చు ఇందులో కలపలేదు.

ఇంట్లో చెప్పి వెళ్లాలా?

అది మీ ఇంటి సంగతి. మా అమ్మకి దిగాక చెప్పాను, మూడు రోజులు మాట్లాడలేదు. ఇన్సూరెన్స్ కాగితం మాత్రం ముందే చదవండి. చాలా ప్రమాద బీమా పాలసీల్లో సాహస క్రీడలు మినహాయింపుల కింద ఉంటాయి.

## దూకే రోజు పొద్దున

ఏం వేసుకోవాలి? తిని వెళ్లాలా?

ప్యాంటు, టీషర్టు, లేసులున్న బూట్లు. పైన ఒక్కో వెయ్యి అడుగులకూ సుమారు 2 డిగ్రీలు తగ్గుతుంది. కింద 35 ఉంటే దూకేచోట 10 దాకా ఉంటుంది, పైన పలచటి పొడుగు చేతుల చొక్కా మంచిది. ఉంగరాలు, జూకాలు తీసేయండి. మంగళసూత్రం తీయడం ఇష్టం లేకపోతే చొక్కా లోపలికి దోపి టేపు వేయించుకోండి. నల్లపూసలు తెగితే గాల్లో ఏరుకోలేం. జుట్టు గట్టిగా జడ అల్లి మెడ లోపలికి దోపాలి. వదిలేస్తే ఆ రాత్రంతా చిక్కు తీసుకోవడంతోనే సరి. కళ్లద్దాల మీంచి పెట్టుకునే గాగుల్స్ ఇస్తారు.

ఖాళీ కడుపుతో వెళ్లకండి. కడుపులో తిప్పేది ఎక్కువగా ఉపవాసం ఉన్నవాళ్లకే. రెండు ఇడ్లీలు తినండి, బిర్యానీ దిగాక.

పొద్దున ఎనిమిదికి రమ్మని సాయంత్రం దాకా కూర్చోబెట్టారు. ఎందుకు?

గాలి. యూఎస్‌పీఏ నిబంధన ప్రకారం విడిగా దూకే విద్యార్థులకు నేల గాలి గంటకు 14 మైళ్లు దాటకూడదు. టాండెమ్‌కి కాస్త ఎక్కువ తట్టుకుంటారుగానీ సుడిగాలులుంటే వాళ్లూ ఆగుతారు. మబ్బు కమ్మితే దిగే చోటు కనబడదు. తొందరపెట్టకండి. వెనకాల పెద్ద క్యూ ఉన్నా విమానాన్ని నేల మీదే ఆపేసే చోటు దొరికిందంటే మీ అదృష్టం.

## తలుపు తెరిచాక

చివరి క్షణంలో వద్దనిపిస్తే?

వద్దనండి. విమానంలోనే కిందికి తీసుకొస్తారు. డబ్బు రాదు, అంతే.

జెయింట్ వీల్‌లో లాగా కడుపులో జారినట్టు ఉంటుందా?

ఉండదు, అందరూ ఆశ్చర్యపోయేది ఇక్కడే. నాంపల్లి ఎగ్జిబిషన్‌లో చక్రం పైనుంచి దిగేటప్పుడు మన బరువు ఒక్కసారిగా తగ్గుతుంది, కడుపు ఆ తేడాను పట్టేస్తుంది. ఇక్కడ విమానంతో పాటు మనమూ గంటకు 150 కిలోమీటర్ల వేగంతో ముందుకు పోతూనే ఉన్నాం. తలుపు దాటగానే ఆ గాలి మనల్ని పట్టుకుంటుంది. ముందుకు పోయే వేగం తగ్గుతుంటే కిందికి పడే వేగం పెరుగుతుంది, మధ్యలో ఖాళీ ఉండదు. పది పన్నెండు సెకన్లలో వేగం స్థిరపడుతుంది. ఇక పడుతున్నట్టు కూడా ఉండదు, జోరుగాలి మీద బోర్లా పడుకున్నట్టు ఉంటుంది.

ఎంత వేగం? ఎంతసేపు?

బోర్లా పడితే గంటకు సుమారు 190 నుంచి 200 కిలోమీటర్లు. 13,000 అడుగుల నుంచి 5,500 దాకా పడితే 45 సెకన్లు దాటుతుంది. మొదటి వెయ్యి అడుగులకు పది సెకన్లు పడుతుంది, ఆపైన ఒక్కో వెయ్యికి అయిదున్నర. టాండెమ్‌లో ఇద్దరి బరువుతో వేగం మరీ పెరిగిపోతుంది కాబట్టి ఇన్‌స్ట్రక్టర్ వెనకాల డ్రోగ్ అనే బుల్లి పారాచూట్ విసిరి పగ్గం వేస్తారు. ఆ తర్వాత పెద్ద పారాచూట్ కింద అయిదారు నిమిషాలు.

ఊపిరి ఆడుతుందా?

ఆడుతుంది. ఆడటం లేదనిపిస్తే మీరే బిగబట్టి ఉంటారు. గట్టిగా అరవండి, అరవాలంటే గాలి పీల్చాలి కదా, ఊపిరి దానంతటదే సర్దుకుంటుంది. ఆక్సిజన్ అవసరం 15,000 అడుగులు దాటితేనే.

పారాచూట్ తెరవగానే రాకెట్‌లా పైకి పోతారా?

వీడియోలో మాత్రమే. తీసేవాడు ఇంకా 200 వేగంతో పడుతున్నాడు, మీరు ఆగారు, అందుకని మీరు పైకి పోయినట్టు కనిపిస్తుంది. నిజానికి మూడు నాలుగు సెకన్లలో వేగం తగ్గుతుంది, తొడల దగ్గర పట్టీలు బిగుస్తాయి. తర్వాత వచ్చే నిశ్శబ్దం గురించి ఎవరూ ముందు చెప్పరు. అంత హోరు తర్వాత కింద కుక్క మొరుగుడు కూడా వినిపిస్తుంది.

దిగేటప్పుడు కాళ్లు విరగవా?

టాండెమ్‌లో కాళ్లు రెండూ ముందుకు చాచి పైకెత్తి ఉంచండి, ఇన్‌స్ట్రక్టర్ చెప్పేదాకా దించకండి. నేల దగ్గరపడిందని కంగారుగా కాళ్లు కింద పెట్టేవాళ్లకే చీలమండ బెణికేది, విరిగేది. పిరుదుల మీద జారుతూ ఆగడం పరువు తక్కువేం కాదు.

## సొంతంగా నేర్చుకోవాలంటే

ఏఎఫ్ఎఫ్ అంటారే, అదెలా ఉంటుంది?

యాక్సిలరేటెడ్ ఫ్రీఫాల్, సొంతంగా దూకడం నేర్పే కోర్సు. ముందు ఒక రోజంతా నేల మీద పాఠం. వీపు విల్లులా వంచడం, చేతి సైగలు, చెడిన పారాచూట్‌ల బొమ్మలు చూసి ఏం చేయాలో చెప్పడం, వేలాడదీసిన హార్నెస్‌లో హ్యాండిళ్లు లాగడం. మర్నాడు రిగ్ మీ వీపు మీదే వేసుకుని, చెరో పక్కా ఇద్దరు ఇన్‌స్ట్రక్టర్లు పట్టుకుని ఉండగా దూకుతారు. రెండు వేళ్లు చాపి చూపిస్తే కాళ్లు చాచమని. క్షితిజం చూడాలి, ఆల్టిమీటర్ చూడాలి, 5,500 అడుగుల దగ్గర చేతులూపి పారాచూట్ మీరే తెరవాలి. తెరిచాక మీరు ఒంటరి, రేడియోలో మాత్రం దారి చెబుతుంటారు. మెట్లు ఏడో ఎనిమిదో ఉంటాయి. మధ్యలో ఒక ఇన్‌స్ట్రక్టర్ తగ్గుతారు, చివరికి ఎవరూ పట్టుకోరు.

నా మొదటి దాంట్లో ఆల్టిమీటర్ మీద చూపు నిలపడానికే సగం సమయం పోయింది. కళ్లు ముల్లును చూస్తున్నాయి, బుర్ర అంకె చదవడం లేదు. నాకు తెలిసిన చాలామందికీ అలాగే అయింది.

రెక్కను నడిపి దిగడం కష్టమా?

ఈ ఆటలో నిజంగా నేర్చుకోవాల్సింది అదే. వెయ్యి అడుగుల దగ్గర గాలి వాటుకు, ఆరువందల దగ్గర అడ్డంగా, మూడువందల దగ్గర గాలికి ఎదురు తిరగాలి. తర్వాత మలుపుల్లేవు. నేల పది పన్నెండు అడుగులుందనగా రెక్కను నడిపే చేతి పిడులు, టాగుల్స్, రెండూ కిందిదాకా లాగితే రెక్క వేగం చచ్చి, మెట్టు దిగినట్టు నిలబడతారు. ముందే లాగితే గాల్లో ఆగి దబ్బున పడతారు, ఆలస్యమైతే మోకాళ్ల మీద దిగుతారు. నేల వైపు సూటిగా చూస్తే అంచనా తప్పుతుంది. చూపు దూరంగా పెట్టాలి.

లైసెన్సుకు ఎన్ని జంప్‌లు?

ఏ, బీ, సీ, డీ అని నాలుగు లైసెన్సులు. మొదటిదైన ఏకి 25, బీకి 50, సీకి 200, డీకి 500. లెక్కొక్కటే చాలదు, నైపుణ్యాలు చూపాలి, పరీక్ష రాయాలి. బీకి నీళ్లలో దిగితే ఏం చేయాలో కూడా నేర్చుకోవాలి.

గోప్రో పెట్టుకుని వింగ్‌సూట్ ఎప్పుడు వేయొచ్చు?

వింగ్‌సూట్ అంటే చేతుల కిందా కాళ్ల మధ్యా గుడ్డ రెక్కలుండే దుస్తులు. రెండింటికీ 200 జంప్‌లు అనే అంకె గుర్తుపెట్టుకోండి. కెమెరాకు అది సంఘం సలహా, వింగ్‌సూట్‌కు నిబంధన. కెమెరా మీద ధ్యాస పెడితే ఎత్తు మీద ధ్యాస పోతుంది. రీల్స్ కోసం వచ్చేవాళ్లకు ఈ జవాబు నచ్చదు.

సొంత రిగ్ కొనేయనా?

పాతిక జంప్‌లు అద్దెకు చేయండి. కొన్నా చిన్న రెక్క జోలికి పోకండి. రెక్క చిన్నదయ్యేకొద్దీ వేగం, మలుపు రెండూ పదునెక్కుతాయి, తప్పు చేస్తే సర్దుకునే వీలు తగ్గుతుంది.

## ఆటగా

ఇందులో గెలుపోటములేముంటాయి?

నలుగురి ఫార్మేషన్ పోటీ తీసుకోండి. ఏ ఆకారాలు కట్టాలో చీటీలు తీసి ముందే చెబుతారు. నలుగురూ కలిసి దూకి 35 సెకన్లలో ఒకరినొకరు పట్టుకుని, విడిపోయి, తిరిగి మరో ఆకారంలో పట్టుకోవాలి. ఐదోవాడు పైనుంచి వీడియో తీస్తాడు, జడ్జీలు దాన్ని చూసి ఒక్కో ఆకారానికి ఒక్కో పాయింటు ఇస్తారు. మేటి జట్లు ఆ కాస్త వ్యవధిలో 20 దాటిస్తాయి. మా సరదా జట్టు అయిదు కడితే ఆరోజు పండగ.

కచ్చితత్వపు పోటీలో మడమతో తొక్కాల్సిన నడిబిందువు వెడల్పు 2 సెంటీమీటర్లు. తలకిందులుగా ఎగిరే ఫ్రీఫ్లై, నీటి మీద గడ్డి కోసినట్టు దూసుకుపోయే క్యానోపీ పైలటింగ్ కూడా ఉన్నాయి. మొదటి ప్రపంచ పోటీ 1951లో యుగోస్లావియాలోని బ్లెడ్‌లో జరిగింది. ఒలింపిక్స్‌లో ఇంకా లేదు. గాల్లో కట్టిన అతిపెద్ద ఆకారంలో 400 మంది ఉన్నారు, 2006లో థాయిలాండ్‌లో.

మనదేశం నుంచి పేరున్నవాళ్లున్నారా?

రేచల్ థామస్ 2002లో ఉత్తర ధ్రువం మీద దూకారు, 2005లో పద్మశ్రీ వచ్చింది. శీతల్ మహాజన్ 2004లో ఉత్తర ధ్రువం మీద దూకినప్పుడు అది ఆమె జీవితంలోనే మొదటి జంప్. నేనైతే అలా ఎవరికీ సిఫారసు చేయను, ఆమె గుండెకు మాత్రం దండం. 2011లో ఆమెకూ పద్మశ్రీ వచ్చింది. వైమానిక దళానికి 1987 నుంచి ఆకాశగంగ అనే ప్రదర్శన జట్టుంది.

నాలుగు నెలలు ఇండియా వెళ్లొచ్చాను. నేరుగా వెళ్లి దూకేయొచ్చా?

జంప్ చేయకుండా 'ఏ' లైసెన్సువాళ్లకు 60 రోజులు, 'బీ'వాళ్లకు 90 రోజులు దాటితే ముందు ఇన్‌స్ట్రక్టర్ పర్యవేక్షణలో ఒక జంప్ చేయాలి. చెల్లి పెళ్లికని వచ్చి నేను నాలుగు నెలలు ఆగిపోయాను. తిరిగి వెళ్లాక వేలాడే హార్నెస్‌లో కూర్చోబెట్టి హ్యాండిళ్లు లాగించారు, చేతులు ఏదీ మర్చిపోలేదు. జంప్ కూడా శుభ్రంగా వచ్చింది. దిగేటప్పుడు మాత్రం గాలి దిక్కు చూపే గాలిజోలె ఎటు ఊగుతోందో తిరగేసి చదివాను. గాలి వీపున తోస్తుంటే పరుగున వచ్చి, మైదానం చివర స్ప్రింక్లర్ తడిపిన బురదలో చతికిలబడ్డాను.